ఏ దారిన వెళ్తారో రోగికి ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడు కణితుల శస్త్రచికిత్సల గురించి మన పత్రికల్లో వచ్చే వార్తలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. ఇన్ని గంటలు శ్రమించారని, నిమ్మకాయంత గడ్డనో బత్తాయంత గడ్డనో పూర్తిగా తొలగించారని, రోగి కోలుకుంటున్నారని రాస్తారు. వైద్యుల శ్రమకు ఆ ప్రశంస దక్కవలసిందే. అయితే నా భార్యకు పుర్రె అడుగుభాగంలో పెరిగిన పెద్ద కణితికి మన నగరంలోనే శస్త్రచికిత్స జరిగిన తరువాత, అలాంటి వార్త చదివిన ప్రతిసారీ నాకు రెండు ప్రశ్నలు మిగిలిపోతున్నాయి. ఆ గడ్డ దగ్గరికి ఏ దారిన వెళ్ళారు? ఆ దారినే ఎందుకు ఎంచుకున్నారు? రోగి మిగతా జీవితంలో కన్ను మూయగలరా, అన్నం మింగగలరా, తూలకుండా నడవగలరా అన్నవి చాలావరకు ఈ రెండింటి మీదే ఆధారపడతాయని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. ఇప్పుడు ఆ స్థితిలో ఉన్న కుటుంబాలకు కొంచెం ముందుగా తెలియాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను.

నేను జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. పుర్రె నమూనాను తలకిందులుగా పట్టుకుని అడుగుభాగం చూపించినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయేవారు. పైన నున్నగా, గట్టిగా కనిపించే పుర్రెకు కింద అన్నీ రంధ్రాలే. మెదడుకు రక్తాన్ని తెచ్చే ధమనులు, రక్తాన్ని తిరిగి తీసుకుపోయే సిరలు, చూపునూ వినికిడినీ మింగడాన్నీ నడిపించే కపాల నాడులు ఆ రంధ్రాల గుండానే వెళ్తాయి. వాటన్నిటిలోకీ పెద్దదైన రంధ్రం దగ్గర మెదడు కాండం వెన్నుపాముగా మారుతుంది. ఇక్కడ పుట్టే కణితుల్లో చాలావరకు క్యాన్సర్ కావు. వినికిడి నాడికి ఆనుకుని ఉండే సమతౌల్య నాడి పొరలో పుట్టే ష్వానోమా, మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా, పిట్యూటరీ గ్రంథిలో వచ్చే గడ్డ, ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. ఇవి ఒంట్లో మరోచోట పుట్టి ఉంటే కోసి తీసివేయడం పెద్ద సమస్య కాకపోవచ్చు. ఇక్కడ మాత్రం గడ్డకు పైన మెదడు, చుట్టూ నాడులు, పక్కనే ధమని ఉంటాయి కనుక, గడ్డ స్వభావం ఎంత సాధువైనదైనా అది ఉన్న చోటు ప్రమాదకరమవుతుంది.

నా భార్యకు ఎడమ చెవి వినికిడి తగ్గుతున్న సంగతి మేము గమనించక ముందే ఆమె ఫోన్‌ను కుడి చెవికి మార్చుకుంది. ఎందుకు మార్చుకున్నదో ఆమెకు కూడా తెలియదు. తరువాత ఎడమ చెవిలో హోరు మొదలైంది. ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుడి వద్దకు వెళ్ళగా వయసు వల్ల వచ్చిన మార్పు అని చెప్పి వినికిడి యంత్రం రాశారు. రెండేళ్ళు గడిచాయి. ఈలోగా మల్కాజ్‌గిరి రైల్వే వంతెన మెట్లు ఎక్కేటప్పుడు ఆమె కమ్మీ పట్టుకోవడం మొదలుపెట్టింది, భోజనం చేస్తున్నప్పుడు ఎడమ చెంప మొద్దుబారినట్టుందని రెండు మూడుసార్లు అన్నది. అప్పుడు తీయించిన ఎమ్మారైలో, పైన చెప్పిన ష్వానోమా రకం కణితి నాలుగు సెంటీమీటర్లది మెదడు కాండాన్ని పక్కకు నెడుతూ కనిపించింది. ఆ వైద్యుణ్ణి నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. వయసుతో వచ్చే చెవుడు సాధారణంగా రెండు చెవులకూ దాదాపు సమానంగా వస్తుంది. ఒక చెవికే వినికిడి తగ్గితే, ముఖ్యంగా మాట వినిపిస్తున్నా అర్థం కాకపోతే, కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసే ఎమ్మారైతో లోపల ఏముందో చూడవలసిందే. మొదటి ఏడాదిలోనే ఆ స్కాన్ తీయించి ఉంటే మాకు ఉండే దారులు వేరు.

ఏ దారి అన్నది మొట్టమొదట కణితి సైజు మీద ఆధారపడుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, వినికిడి ఇంకా బాగుంటే, చెవి పైభాగం నుంచి ఎముక తెరిచి వినికిడిని కాపాడే ప్రయత్నం చేయవచ్చు. లేదా ఏమీ చేయకుండా ఏటేటా స్కాన్ తీసి చూస్తూ ఉండవచ్చు, ఎందుకంటే ఈ కణితులు సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగవు, కొన్ని అసలే పెరగవు. గామా నైఫ్ వంటి రేడియేషన్ చికిత్సతో పెరుగుదలను ఆపవచ్చు. మూడు సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతున్న గడ్డకు ఇవేవీ మొదటి చికిత్సలు కావు. రేడియేషన్ తరువాత గడ్డ కొన్నాళ్ళు వాచే అవకాశం ఉంది, నొక్కుడు పడుతున్న మెదడు కాండానికి ఆ వాపు తట్టుకునే చోటు ఉండదు. అంటే మా విషయంలో శస్త్రచికిత్స తప్పనిసరి.

మేము ఇద్దరు న్యూరోసర్జన్లను కలిశాము. మొదటివారు, గడ్డ మొత్తం తీసేస్తాము, భయం లేదు, అన్నారు. మాకు ఎంతో ధైర్యం కలిగింది. రెండోవారు స్కానింగ్ ఫిల్ములను లైటు పెట్టె మీద పెట్టి, ఒక తెల్ల కాగితం తీసుకుని తలను అడ్డంగా కోసినట్టు బొమ్మ గీశారు. చెవి వెనుక ఒక బాణం గుర్తు, చెవి లోపలి ఎముక గుండా ఇంకొక బాణం గుర్తు పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

మొదటి బాణం చెవి వెనుక ఎముకలో చిన్న కిటికీ తెరిచి, పెద్ద సిర ఒకదాని వెనుకగా లోపలికి వెళ్ళే రెట్రోసిగ్మాయిడ్ పద్ధతి. మెదడు చుట్టూ ఉండే నీటిని ముందుగా కొంత వదిలేస్తే చిన్నమెదడు తనంత తానే సడలి దారి ఇస్తుంది. దీనిలో మెదడు కాండమూ, మింగడాన్ని నడిపించే కింది నాడులూ స్పష్టంగా కనిపిస్తాయి. రెండో బాణం చెవి వెనుక ఉబ్బెత్తు ఎముకను అరగదీసి, సమతౌల్యాన్ని చూసే అర్ధవలయ నాళాలను తొలగించి వెళ్ళే ట్రాన్స్‌ల్యాబిరింథైన్ పద్ధతి. ఇందులో చిన్నమెదడును దాదాపు ముట్టుకోనక్కర్లేదు, ముఖాన్ని కదిలించే ముఖనాడి బయటి కొస మొదట్లోనే దొరుకుతుంది. దానికి బదులుగా ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. నా భార్యకు ఆ చెవి అప్పటికే పనికిరావడం లేదు కాబట్టి రెండో దారి కూడా సరైనదే అయ్యేది. అయితే ఎముకల కోసం విడిగా తీసిన సీటీలో మెదడు నుంచి మెడలోకి దిగే పెద్ద సిర పైకొసన ఉండే ఉబ్బు ఆమెకు మామూలుకన్నా బాగా ఎత్తులో ఉన్నదని, దానివల్ల ఆ దారి ఇరుకవుతుందని, పైగా గడ్డ కిందికి దిగి మింగే నాడులను తాకుతున్నదని చూపించారు. అందుకని చెవి వెనుక దారి ఎంచుకున్నారు. వేరే బృందం రెండో దారిన వెళ్ళినా తప్పు కాదని, ఎవరికి ఏ దారి బాగా అలవాటో అది కూడా లెక్కలోకి వస్తుందని ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

తరువాత చెప్పిన విషయం విని మేము మొదట కలవరపడ్డాము. "మొత్తం తీస్తానని నేను మాట ఇవ్వలేను సార్. పోయిన చెవిని ఎలాగూ తేలేము. ఇంకా పోని ముఖాన్ని చూసుకుందాం," అన్నారు. ఈ కణితి పెరిగినకొద్దీ దాని పక్కన ఉండే ముఖనాడిని సాగదీసి, పలచని పొరలా తన మీద పరుచుకుంటుందట. ఆ పొర నుంచి గడ్డ చివరి తొక్కను ఒలవాలని పట్టుబడితే నాడి తెగవచ్చు. తెగితే సగం ముఖం జారిపోతుంది, కన్ను మూతపడదు, మూతపడని కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడవచ్చు. నా భార్యకు చెంప మొద్దుబారి ఉంది కనుక కంటిలో నలక పడినా ఆమెకు తెలియకపోయే ప్రమాదం అదనం. అందుకే నాడి మీద అంటుకున్న పలచని పొరను వదిలేసి, దాన్ని స్కాన్‌లతో కనిపెట్టుకుని ఉండి, పెరిగితే అప్పుడు గామా నైఫ్ చేయవచ్చన్నది ఆయన ఆలోచన.

నేను ఇంటికి వచ్చి ఈ చరిత్ర చదివాను. ఒక శతాబ్ది క్రితం అమెరికాలో హార్వే కుషింగ్ ఈ శ్రవణనాడి కణితుల మీద 1917లో పెద్ద గ్రంథమే రాశారు. అంతకు ముందు వేలితో గడ్డను పెకలించే పద్ధతిలో చాలామంది రోగులు బల్ల మీదే చనిపోయేవారు. కుషింగ్ గడ్డ లోపలి భాగాన్ని మాత్రం తోడి, పై తొడుగును వదిలేసి ప్రాణాలు నిలిపారు. అయితే మిగిలిన గడ్డ మళ్ళీ పెరిగేది. ఆయన దగ్గర పనిచేసిన వాల్టర్ డాండీ తొడుగుతో సహా తీసే పద్ధతిని నెలకొల్పారు, కానీ ఆ రోజుల్లో ముఖనాడి బతికేది అరుదు. 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో చెవి వైద్యుడు విలియం హౌస్ శస్త్రచికిత్సకు మైక్రోస్కోపును తెచ్చి, చెవి ఎముక గుండా వెళ్ళే దారిని తిరిగి వాడుకలోకి తెచ్చిన తరువాత ముఖనాడిని కాపాడటం సాధ్యమైంది. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ రూపొందించిన గామా నైఫ్‌ను 1968లో మొదటిసారి వాడారు. కుషింగ్ కాలంలో గడ్డను మిగిల్చితే మళ్ళీ కత్తి తప్ప వేరే సాధనం ఉండేది కాదు. ఇప్పుడు మిగిలినదాన్ని చూసేందుకు ఎమ్మారై ఉంది, పెరిగితే ఆపేందుకు రేడియేషన్ ఉంది. అందుకనే అనుభవజ్ఞులు కొంత వదిలేయడాన్ని ఓటమిగా కాక, ముందే ఆలోచించుకున్న పథకంగా చూస్తున్నారు. ఈ ఒక్క సంగతి తెలిశాక, అంతకుముందు మాకు భయం గొలిపిన మాటే ధైర్యమిచ్చింది.

ఈ సూత్రం చెవి పక్కన వచ్చే కణితికే పరిమితం కాదు. పుర్రె అడుగు శస్త్రచికిత్స అంతటికీ పునాది రెండు నియమాలని నేను గ్రహించాను. మెదడును పక్కకు లాగడం కన్నా ఎముకను తొలగించి దారి చేసుకోవడం మేలన్నది మొదటిది. గడ్డను చేరేందుకు నాడిని దాటి వెళ్ళకూడదన్నది రెండోది. గడ్డ మధ్యలో ఉండి నాడులను బయటికి నెట్టితే మధ్యదారిన, అంటే ముక్కు గుండా వెళ్ళడం సహజం. గడ్డ నాడులకు బయటివైపు ఉంటే పక్కనుంచి వెళ్ళాలి. పిట్యూటరీ గడ్డకు ముక్కు దారి కొత్తదేమీ కాదు, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ 1907లోనే ఆ దారిన వెళ్ళారు. మైక్రోస్కోపు వచ్చాక కెనడాలో జూల్స్ హార్డీ దాన్ని సున్నితం చేశారు, 1990ల నుంచి ఎండోస్కోపు అందుకుంది. కంటి నాడుల మధ్యన కింది నుంచి పైకి పెరిగిన మెనింజియోమా, మెదడు కాండం ముందున్న ఎముకలో పుట్టే కార్డోమా వంటివాటిని కూడా ఇప్పుడు ముక్కు గుండా తీస్తున్నారు. ఇందులో పెద్ద బెడద మెదడు నీరు కారడం. ముక్కు మధ్యగోడ పొరను దాని రక్తనాళంతో సహా మడిచి రంధ్రాన్ని మూసే పద్ధతి 2006లో ప్రచురితమైన తరువాత ఆ బెడద చాలా తగ్గింది. ఈ శస్త్రచికిత్సకు ముక్కు వైద్యుడూ మెదడు సర్జనూ పక్కపక్కనే నిలబడి నాలుగు చేతులతో పనిచేయాలి. అయితే బయటికి మచ్చ కనిపించదన్న ఒక్క కారణంతో ముక్కు దారి కావాలని అడిగే కుటుంబాలను నేను ఆసుపత్రి వరండాలోనే చూశాను. అదే మెనింజియోమా కంటి నాడిని దాటి పక్కకు విస్తరించి ఉంటే కణత దగ్గర ఎముక తెరవడమే క్షేమం. మెదడు కాండం ముందు లోతుగా కూర్చునే పెట్రోక్లైవల్ మెనింజియోమాకైతే చెవి ముందున్న రాతిలాంటి ఎముక కొసను అరగదీసే దారి ఒకటి ఉంది. జపాన్ సర్జన్ తకేషి కవాసే దాన్ని 1985లో ప్రచురించారు. మగపిల్లల్లో పదేళ్ళు దాటాక ముక్కు నుంచి పదేపదే రక్తం కారేలా చేసే, రక్తనాళాలతో నిండిన యాంజియోఫైబ్రోమా అనే గడ్డ విషయంలో దారికన్నా ముందు రక్తనాళాలను మూసే చికిత్స చేయవలసి వస్తుంది. ఇక్కడ అందరికీ ఒకే దారి లేదు.

నా భార్య శస్త్రచికిత్స తొమ్మిది గంటలు పట్టింది. గడ్డ లోపలి భాగాన్ని అల్ట్రాసౌండ్ పరికరంతో తోడి, బోలు చేసి, తరువాత తొడుగును మెల్లగా లోపలికి ముడుచుకుంటూ వచ్చారు. ముఖనాడికి దగ్గరైన ప్రతిసారీ ఆ నాడి స్పందనను కనిపెట్టే మానిటర్ శబ్దం చేసేదని, ఆ శబ్దమే తనకు దారి చూపిందని సర్జన్ తరువాత చెప్పారు. నాడి మీద పలచని పొర మిగిల్చారు. లేచిన రోజు ఎడమ కన్ను పూర్తిగా మూతపడలేదు, మూతి కొంచెం పక్కకు జారింది. ముఖ బలహీనతను కొలిచే ఆరు మెట్లలో నాలుగో మెట్టు అన్నారు. పగలు గంటగంటకూ చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ రాసి రెప్పకు టేపు, ఇలా నాలుగు నెలలు గడిపాము. ఏడాదికి ఆమె నవ్వు దాదాపు పాత నవ్వే అయింది. ఇప్పటికి మూడుసార్లు తీసిన ఎమ్మారైలలో ఆ మిగిలిన పొర కదలలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఇతరులకు చెప్పాలి. చెవి వెనుక చేసిన ఆపరేషన్ తరువాత కూడా ముక్కు నుంచి నీరు కారవచ్చు. మెదడు నీరు చెవి ఎముకలోని గాలి గదుల్లోకి జారి, అక్కడి నుంచి చెవి గొంతు కలిపే గొట్టం గుండా ముక్కులోకి వస్తుంది. వంగినప్పుడు ముక్కు నుంచి పలచని నీరు బొట్లుగా పడితే జలుబనుకుని ఊరుకోకూడదు, దాని వెంట మెదడు పొరల జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

మన నగరానికి ఈ చికిత్స కోసం శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ కూడా కుటుంబాలు వస్తాయి. పంజగుట్ట చుట్టుపక్కల లాడ్జీల్లో దిగి, చంకలో స్కానింగ్ కవర్లు పెట్టుకుని ఆసుపత్రికి తిరిగేవారిని రోజూ చూడవచ్చు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9 నుంచి పది లక్షల రూపాయలకు పెరగడం వారికి పెద్ద ఊరట. అయినా వారి శక్తి అంతా అనుమతి పత్రాలకూ, ముఖ్యమంత్రి సహాయ నిధి లేఖలకూ, రక్తదాతలకూ ఖర్చయిపోయి, ఆపరేషన్ ముందురోజు రాత్రి సంతకం పెట్టమన్న కాగితం వచ్చేసరికి అడగవలసిన ప్రశ్న ఒక్కటీ గుర్తుకు రాదు. చదువుకున్న మాకే రాలేదు. ఆ కాగితం మాకు ఇంగ్లీషులో వచ్చింది, పది పదిహేను దుష్ఫలితాల పేర్లు వరుసగా ఉన్నాయి, వాటిలో నా భార్యకు ఏది ఎక్కువ సంభావ్యమో, ఏది దాదాపు జరగదో అందులో లేదు.

అందుకని ఆసుపత్రులను వేడుకునేది ఇది. పుర్రె అడుగు కణితి శస్త్రచికిత్సకు ముందు కుటుంబంతో అరగంట కూర్చుని తెలుగులో మాట్లాడండి. ఎంచుకున్న దారి బొమ్మ గీసి ఇవ్వండి. ఆ దారిలో ఏ నాడి పణంగా ఉందో, మరో దారి ఎందుకు వద్దనుకున్నారో, కొంత గడ్డ మిగల్చే ఆలోచన ఉందా లేదో, మిగిల్తే తరువాత ఏమి చేస్తారో అంగీకార పత్రంలో తెలుగులో రాయండి. ఏటా తీయవలసిన ఎమ్మారై ఎవరు ఎక్కడ చేస్తారో డిశ్చార్జి రోజునే చెప్పండి, ఎందుకంటే ఊరికి వెళ్ళిన తరువాత ముఖం బాగుంది కదా అని ఆ స్కాన్ మానేసేవారే ఎక్కువ.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి శస్త్రచికిత్స వార్త వేసినప్పుడు గడ్డను పండుతో పోల్చే వాక్యానికి బదులు, ఏ దారిన వెళ్ళారో, రోగి కన్ను, ముఖం, మింగుడు ఎలా ఉన్నాయో ఒక వాక్యం రాయించండి. కొంత గడ్డను కావాలని వదిలి ఉంటే అదీ రాయండి. రేపు తమవారి తలలో ఇలాంటి గడ్డ ఉందని తెలిసిన కుటుంబం, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఆ వాక్యాన్నే గుర్తు తెచ్చుకుని ప్రశ్న అడుగుతుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్.